వేతనముతో కూడిన విద్య

(ఒక పట్టణ గ్రంథాలయ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చువారిలో రెండు తెగలవారు కలరు. పత్రికలో మొదటి పుట చదువుటకు వచ్చువారొక తెగ. ఉద్యోగ ప్రకటనలు చదువుటకు వచ్చువారు రెండవ తెగ. నేడు నేను చెప్పదలచిన మాట రెండవ తెగవారికై యుద్దేశింపబడినది. అయినను మొదటి తెగవారు విని తమ యిండ్లలో చెప్పినగాని అది ఫలింపదు. ఏలయన, మన యిండ్లలో పిల్లల చదువును గూర్చి తుదిమాట పలుకువారు పెద్దలే గదా!

మన జిల్లాలలో ఒక దృశ్యము సామాన్యమైపోయినది. కుమారుడు ఇంజనీరింగు ముగించును. తండ్రి పొలము మీదనో, ఇంటి మీదనో బ్యాంకులో అప్పు తెచ్చును. కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుటకు విమానమెక్కును. ఆ అప్పు తీరువరకు ఆ యింట నెవరికిని కంటికి నిద్ర లేదు. దీనిని నేను నిందించుట లేదు. అట్లు వెళ్ళి వృద్ధిలోనికి వచ్చినవారు వేలకొలది కలరు. కాని విద్యార్థి విద్యాలయమునకు సొమ్ము చెల్లించుటకు మారుగా, విద్యాలయమే విద్యార్థికి నెలనెల వేతనమిచ్చి చదివించు మార్గమొకటి కలదని ఎందరు తండ్రు లెఱుగుదురు? ఆ మార్గము డాక్టరేటు పరిశోధన. అందునను మన దేశమునకు మిక్కిలి యవసరమైన యొక శాఖను గూర్చి నేడు మీతో ముచ్చటించెదను. రోగి వాకిటనే రక్తబిందువును పరీక్షించి, నిమిషములలో ఫలితము చెప్పు చిన్న యంత్రములను నిర్మించు శాస్త్రమది. అందులోని ముఖ్య పరికరమునకు శాస్త్రజ్ఞులు బయోసెన్సరని పేరిడిరి. మనము దానిని జీవసంవేదిని యనవచ్చును.

ఈ పేరు విని బెదరవలసిన పని లేదు. మీలో పలువురి యిండ్లలో ఒక జీవసంవేదిని యిప్పటికే యున్నది. మధుమేహ రోగులు వ్రేలిని గుచ్చుకొని చూచుకొను గ్లూకోమీటరే అది. దాని పట్టీ కొసయందు గ్లూకోజును మాత్రమే గుర్తించు నొక ఎంజైము పూయబడి యుండును. రక్తములోని గ్లూకోజు దానిని తాకగనే రసాయనిక చర్య జరిగి ఎలక్ట్రానులు వెలువడును. అవి పట్టీలోని సన్నని లోహపు గీతల వెంట ప్రవహించి స్వల్పమైన విద్యుత్తగును. ఆ విద్యుత్తును కొలిచి యంత్రము అంకెగా చూపును. గుర్తించునది యొకటి, గుర్తించినదానిని తెలుపునది మరియొకటి. ఈ రెండును కలిసినదే జీవసంవేదిని. ఎంజైమునకు మారుగా ప్రతిరక్షకమునో, డి.ఎన్.ఏ. తునుకనో నిలిపినచో మరియొక వ్యాధిని గుర్తించు యంత్రమగును.

అమెరికా శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్కు 1962లో ఈ భావమును లోకమునకు వెల్లడించెను. 1984లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు, క్రాన్‌ఫీల్డు పరిశోధకులు దానిని మెరుగుపరచిరి. 1987 నాటికి కలమువలె జేబులో నిమిడెడు గ్లూకోజు యంత్రము అంగడికి వచ్చెను. భావము యంత్రమగుటకు పాతికేండ్లు పట్టినది. ఈ పాతికేండ్లను నింపినవారెవరు? పెద్ద పెద్ద ఆచార్యులే కాదు. వారి ప్రయోగశాలలలో రాత్రింబవళ్ళు పని చేసిన పరిశోధక విద్యార్థులు కూడ.

అంతయు కనిపెట్టబడినది గదా, ఇక మన బాలుడు చేయవలసిన దేమున్నదని మీరడుగవచ్చును. మీ యింటనున్న గ్లూకోమీటరునే తీసికొందము. రక్తములో ఎఱ్ఱకణముల పాలు తగ్గినప్పుడు ఈ యంత్రములలో పెక్కు, ఉన్నదానికన్న హెచ్చు అంకెను చూపును. మన దేశమున 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారు. అనగా రక్తహీనయైన తల్లి రక్తమున చక్కెర నిజముగా తగ్గిపోవుచున్నను యంత్రము బాగున్నదని చెప్పు ప్రమాదము కలదు. ఈ దోషమును సరిదిద్దుకొను యంత్రములు కొన్ని వచ్చినవి. అట్టివి చవుకగా మన పల్లెల ఆశా కార్యకర్త చేతికి చేరవలసి యున్నది. పట్టీలు వేడికిని, తేమకును చెడిపోవును. చల్లని దేశములలో రూపొందిన పట్టీ రెంటచింతల యెండను గాని, కోనసీమ వానకాలమును గాని యెఱుగదు. దాని నెఱిగినవారు మన బాలురే.

కరోనా కాలమున ఇంటింట పేరు మ్రోగిన పల్సు ఆక్సీమీటరును చూడుడు. జపానులో టకువో ఆవోయాగి దాని సూత్రమును కనిపెట్టి మానవజాతికి మహోపకారము చేసెను. కాని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రచురించిన యొక పరిశీలనలో, ఆ యంత్రము గుర్తింపజాలని ప్రాణవాయు లోపము తెల్లవారిలోకంటె నల్లవారిలో ఇంచుమించు మూడురెట్లు తరచుగా నున్నదని తేలినది. చర్మవర్ణము వెలుతురు కొలతను మార్చును గదా! యంత్రము అబద్ధమాడలేదు. దానిని పరీక్షించినప్పుడు నల్లనివారిని చాలినంతమందిని కూర్చుండబెట్టని ఫలమది. మన శరీరములను మనము కొలువనిచో, ఇతరుల శరీరములకు కుట్టిన చొక్కాను మనము తొడుగుకొనవలసి వచ్చును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము సంగతి మీరెఱుగుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములలో కొబ్బరి తోటల నీడన మూత్రపిండముల వ్యాధి దశాబ్దులుగా ప్రాణములు తీయుచున్నది. కారణమింతవరకు నిస్సందేహముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు ప్రత్యేక వైద్యశాల తెరువబడినది. సంతోషమే. కాని రక్తములో క్రియాటినిను హెచ్చినదని తెలియునప్పటికి మూత్రపిండముల శక్తిలో సగమో, అంతకు మించియో నశించి యుండును. అంతకు ముందే, కూలికి పోవు మనిషి ఒకదినము కూలి పోగొట్టుకొనకుండ, తన గుమ్మము కడనే తెలిసికొను పరీక్ష కావలయును. అట్టి దానిని కనిపెట్టుట డాక్టరేటు పరిశోధనకు తగిన ప్రశ్న కాదా? ఇంతకన్న తగిన ప్రశ్న ఏది?

మనవారికిది చేతకాదను నిరుత్సాహము వలదు. గోవాలోని మోల్‌బయో, బెంగుళూరులోని బిగ్‌టెక్ సంస్థలు నిర్మించిన ట్రూనాట్ యంత్రము బ్యాటరీతో నడచును. క్షయక్రిమి జన్యుపదార్థమును ఆరోగ్య కేంద్రముననే గుర్తించును. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని క్షయ పరీక్షకు సిఫారసు చేసినది. లోకమునందలి క్షయ రోగులలో ఇంచుమించు నాలుగింట నొకరు మన దేశీయులే యని తలచినచో దాని విలువ తెలియును. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగిన పరిశోధననుండి పాత్‌శోధ్ అను సంస్థ పుట్టి, చక్కెరతో పాటు హీమోగ్లోబిను మొదలగు పెక్కు పరీక్షలను ఒక్క చేతియంత్రమున నిమిడ్చినది. ఢిల్లీలోని జన్యుశాస్త్ర పరిశోధన సంస్థవారు కరోనా పరీక్షకై కాగితపు పట్టీతో నొక పద్ధతిని 2020లో కనిపెట్టి, దానికి సత్యజిత్ రాయ్ కథలలోని అపరాధ పరిశోధకుడు ఫెలూదా పేరు పెట్టిరి. ఇవి యన్నియు పరిశోధనశాలలలో మొలకెత్తినవే.

మన తెలుగువాని కథ యొకటి చెప్పక ముందునకు పోజాలను. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపట్టణమున వైద్యము చదివి, మామగారు సమకూర్చిన ధనముతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయముతోను 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. చేతిలోని ధనము చాలలేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచు కూలిపని చేసి, పగలు హార్వర్డులో చదివిరి. 1925లో తన గురువు ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించినదేమి? రక్తమూత్రములలోని భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతి. లోకమంతట వైద్యశాలలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని అది ప్రసిద్ధి కెక్కినది. 1930లో ఆయనకు డాక్టరేటు లభించెను. అనగా మన తెలుగు పరిశోధకుని తొలి కీర్తి ఒక వైద్యపరీక్షను కనిపెట్టుటవలన వచ్చినదే. ఆ రాత్రికూలి చేయనక్కర లేకుండ ఆ గంటలు కూడ ప్రయోగశాలలో గడిపియున్నచో ఆయన ఇంకెంత చేసియుండెడివాడో యెవరు చెప్పగలరు?

కావున విద్యార్థివేతనము భిక్ష కాదని మొదట గ్రహింపుడు. అది ఒక మనిషి పగళ్ళను, రాత్రులను పరిశోధనకై కొనియిచ్చు సొమ్ము. ఇక అవి యెక్కడ, ఎట్లు లభించునో చెప్పెదను.

మన దేశమున సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి.లు కలసి జరుపు జాతీయ అర్హతా పరీక్షలో నెగ్గి జూనియరు పరిశోధక వేతనము పొందినవారికి 2023 జనవరి 1 మొదలు నెలకు 37,000 రూపాయలును, రెండేండ్ల పిమ్మట సీనియరు వేతనముగా 42,000 రూపాయలును నిర్ణయింపబడినవి. ఇంటి యద్దెకు భత్యము వేరు. గేటు పరీక్ష వ్రాసిన ఇంజనీరింగు పట్టభద్రులను ఐ.ఐ.టి.లు ఇంచుమించు ఇట్టి వేతనముతోనే చేర్చుకొనుచున్నవి. 2018లో ప్రధానమంత్రి పరిశోధక వేతనమను పథకము ప్రారంభమైనప్పుడు మొదటి రెండేండ్లు నెలకు 70,000, మూడవయేట 75,000, తరువాతి రెండేండ్లు 80,000 రూపాయలుగా నిర్ణయించిరి. ఎం.టెక్. లేనివారు డాక్టరేటునకు పోరాదను భయము కూడ వలదు. 2022 నాటి యు.జి.సి. నియమముల ప్రకారము నాలుగేండ్ల పట్టమున నూటికి 75 వంతులు మార్కులు గలవారు తిన్నగా చేరుటకు అర్హులు. హైదరాబాదున ఐ.ఐ.టి., కేంద్ర విశ్వవిద్యాలయము, సి.సి.ఎం.బి., బిట్స్ ప్రాంగణము ఉన్నవి. ఇంటి భోజనమునకు దూరము కాకుండనే యీ దారి పట్టవచ్చును.

విదేశములకు పోదలచినవారికి మార్గములు వేరు. ఐరోపా సమాజమువారి మారీ క్యూరీ డాక్టరేటు సంఘములలో విద్యార్థిని ఉద్యోగిగా నియమించి జీతమిత్తురు. ఏ దేశీయుడైనను దరఖాస్తు పెట్టవచ్చును. కాని నియామకమునకు ముందు మూడేండ్లలో పండ్రెండు నెలలకు మించి ఆ దేశమున నివసించినవాడు కారాదు. జర్మనీలో పరిశోధక విద్యార్థులు పెక్కుమంది ప్రభుత్వ జీతపు పట్టికననుసరించి, పూర్తిగానో పాక్షికముగానో ఉద్యోగులుగా నుందురు. ఇంగ్లండున ప్రభుత్వ పరిశోధనామండలి వేతనములు 2021 మొదలు విదేశీయులకును తెరువబడినవి. అయినను మొత్తము స్థానములలో నూటికి ముప్పదికి మించి వారికీయరు. 2025–26 సంవత్సరమునకు కనీసపు వేతనము 20,780 పౌనులు. అమెరికాలో జాతీయ విజ్ఞాన సంస్థవారి ప్రసిద్ధ వేతనము విదేశీయులకు లేదు. కాని అక్కడి ప్రయోగశాలలలో బోధన సహాయకుడుగనో, పరిశోధన సహాయకుడుగనో చేరినవారికి సామాన్యముగా ఫీజు మాఫీయై జీతమును లభించును. ఎం.ఎస్.కు అప్పు చేయువాడు ఒక్కసారి యీ లెక్కను ఆ లెక్క ప్రక్కన వ్రాసి చూచుకొనవలయును.

ఇంతవరకు తీపి చెప్పితిని. ఇక చేదు చెప్పకున్నచో మీకు ద్రోహము చేసినవాడనగుదును.

మొదటిది. వేతనము నియమిత కాలమునకే యిత్తురు. పరిశోధన ఆ కాలమున ముగియునను నమ్మకము లేదు. ఐరోపా నియామకములలో పెక్కు మూడేండ్లకే. నాల్గవయేట పొట్ట గడచుటెట్లని చేరుటకు ముందే యడుగవలయును. మన దేశమున వేతనము నెలల తరబడి ఆలస్యమగుచున్నదని పరిశోధక విద్యార్థులు మొరపెట్టుకొనిన సందర్భములు కలవు. ఆ గురువు క్రింద ఇప్పుడు పనిచేయుచున్న విద్యార్థులకు జాబు వ్రాసి, సొమ్ము వేళకు చేరుచున్నదా యని తెలిసికొనుట మర్యాదకు భంగము కాదు.

రెండవది. ప్రకటనలోని యంత్రము ఎవరి రక్తముతో పరీక్షింపబడునో యడుగుడు. వైద్యశాలతో పొత్తు లేని ప్రయోగశాలలో కల్తీలేని ద్రావణములు మాత్రమే దొరకును. ద్రావణమున చక్కగా పనిచేసిన సంవేదిని మనిషి రక్తమున తరచు తడబడును. రక్తమున లక్ష పదార్థములుండును. అవి యన్నియు సంవేదిని ముఖమున బురదవలె అంటుకొనును. రోగుల నమూనాలు, నీతిసంఘము అనుమతి, వైద్యుని తోడ్పాటు ఉన్న చోటనే ఈ విద్య పండును.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది, సత్యనిష్ఠ. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అను యువతి 2003లో థెరానోస్ అను సంస్థను స్థాపించి, వ్రేలికొసనుండి తీసిన కొలది చుక్కలతో వందలకొలది పరీక్షలు చేయుదునని లోకమును నమ్మించినది. కోట్ల డాలర్లు కురిసినవి. 2015లో పత్రికలు గుట్టు బయటపెట్టగా, 2018లో సంస్థ మూతపడినది. 2022 జనవరిలో న్యాయస్థానము ఆమెను మదుపరులను మోసగించిన దోషిగా నిర్ణయించినది. మదుపరుల సొమ్ము పోయిన పోవుగాక! తప్పు ఫలితము చేతబట్టుకొని యింటికి పోయిన రోగుల మాట యేమి? ఈ శాస్త్రమున అబద్ధమాడుట, వైద్యుని చేతిలో విషము పెట్టుటతో సమానము. ప్రయోగము విఫలమైనచో విఫలమైనదని వ్రాయుటకు వెనుదీయని గురువునే యాశ్రయింపుడు.

నాల్గవది. స్థానమిప్పించెదము, సొమ్ము చెల్లింపుడని మధ్యవర్తులు వత్తురు. వేతనమిచ్చి చదివించువారు మధ్యవర్తిచేత సొమ్ము వసూలు చేయించుదురా? వాకిటనుండియే పంపివేయుడు.

ఇక పెద్దల సంశయమొకటి మిగిలినది. "తోటివాడు సాఫ్టువేరు కంపెనీలో చేరి యిల్లు కట్టుచుండగా, మావాడు ఐదేండ్లు ప్రయోగశాలలో గడుపవలెనా? ఆ పిమ్మట ఉద్యోగమేది?" అందురు. ఈ ప్రశ్న న్యాయమైనది. విశ్వవిద్యాలయ పదవులు కొలదియే, అభ్యర్థులు పెక్కుమంది. డాక్టరు పట్టము వచ్చినంతమాత్రమున పీట వేసి పిలుచువారు లేరు. కాని యీ శాఖకొక విశేషమున్నది. యంత్రము చేయుట, రసాయనము కూర్చుట, విద్యుత్తును కొలుచుట, రోగితో మాటాడుట — ఇన్నియు నేర్చినవానికి పరిశ్రమయందు పని దొరకును. 2018 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగిన విశాఖపట్టణపు వైద్యయంత్రముల పారిశ్రామిక ప్రాంగణము మన కన్నుల యెదుటనే యున్నది. అయినను ఇంటిలో ఋణభారమో, పెండ్లి కావలసిన చెల్లెలో ఉన్నవాడు లెక్క చూచుకొని నిర్ణయించుకొనుట తప్పు కాదు. తెలిసి మానుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు. నా బాధ యంతయు రెండవదానిని గూర్చియే.

బాలికల తల్లిదండ్రులతో ప్రత్యేకముగ నొక మాట. పరీక్షాయంత్రము చివరకు చేరునది ఆశా కార్యకర్త చేతికి, నర్సు చేతికి, తల్లి చేతికి. గర్భిణి కష్టమెట్టిదో, రక్తహీనత యనగా నేమో మీ కుమార్తె యెఱిగినంతగా కుమారుడెఱుగడు. ఆమెకు ఐదేండ్లు గడువీయుడు.

ఇక ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ఉద్యోగ ప్రకటనల బల్ల ప్రక్కన మరియొక చిన్న బల్ల వేయుడు. దానిపై నొక చిట్టా పుస్తకముంచుడు. పరిశోధక స్థానముల ప్రకటనలు వెలువడిన ప్రతిసారి స్థలము, గడువు, వేతనము, అర్హత తెలుగులో నాలుగు పంక్తులలో వ్రాయుడు. మన యూరినుండి పరిశోధనకు పోయిన వారెవరైనను సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంకాలము వారిని పిలిచి మాటాడింపుడు. దీనికి నిధులక్కర లేదు, శ్రద్ధ చాలును. ఒక్క సంవత్సరమున ఒక్క బాలుడో, బాలికయో ఆ పుస్తకము చూచి దరఖాస్తు పెట్టినచో ఈ సభ సార్థకమైనట్లే.

నూరేండ్ల క్రిందట భీమవరపు యువకుడు చందాలతో సముద్రము దాటి, రాత్రికూలి చేసి, రక్తమును కొలుచు విద్యను లోకమునకు నేర్పెను. నేడు ఆ కూలి యక్కరలేదు. వేతనమున్నది, ప్రయోగశాల యున్నది, ఉద్దానమున ప్రశ్న యున్నది. లేనిది, ఉన్నదని మన పిల్లల చెవిలో చెప్పు మనిషియే. ఈ రాత్రి భోజనము వేళ మీలో ప్రతివారును ఆ పని చేయుదురుగాక!